చూసింది చూసినట్టు చెప్పడం: హైస్కూలు పిల్లలకు నేరాన్ని గమనించి కబురు చేర్చడం నేర్పే పద్ధతి

ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకు ఈ విషయం ఆరు పీరియడ్లలో చెప్పొచ్చు. వారానికి ఒకటి చొప్పున పెట్టుకుంటే నెలన్నర పడుతుంది. వరసగా ఆరు రోజులు చెబితే సరదాగానే గడిచిపోతుంది గానీ మనసులో నిలవదు. ఇంకా చిన్న తరగతులకు ‘ఆగు, దూరం జరుగు, పెద్దవాళ్లకు చెప్పు’ అన్న మాట, 112 అన్న నంబరు వస్తే చాలు. 2010లో కేరళలో మొదలై 2018లో దేశమంతటా 8, 9 తరగతులకు విస్తరించిన, బడి పిల్లలకు పోలీసుల పనినీ చట్టాన్నీ పరిచయం చేసే స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ పథకం మీ బడిలో ఉంటే ఆ పీరియడ్లనే వాడుకోండి. లేకపోతే సోషల్ టీచరు ఒక్కరు పూనుకున్నా జరిగే పనే.

ఆరు పీరియడ్లకూ ఒకటే పునాది: పిల్లవాడు సాక్షి. పోలీసు కాదు, వేగులవాడు అంతకన్నా కాదు. వెంటపడడు, అడ్డం వెళ్లడు, ఎవరి మీదా నిఘా పెట్టడు. తన కంటబడింది గుర్తుపెట్టుకుని, చెప్పాల్సిన వాళ్లకు చెబుతాడు. ఈ గీత మొదటి రోజే గీయకపోతే రెండో వారానికల్లా ‘మా పక్కింటి అంకుల్ రాత్రిళ్లు లేటుగా వస్తాడు సార్’ అంటూ చీటీలు మొదలవుతాయి.

మొదలుపెట్టే ముందు

హెడ్మాస్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. తల్లిదండ్రులకు ఒక పేజీ ఉత్తరం పంపండి. అందులో ఏం నేర్పుతున్నారో రెండు లైన్లు, ఏం నేర్పడం లేదో నాలుగు లైన్లు ఉండాలి. ‘బళ్లో చాడీలు నేర్పుతున్నారంట’ అన్న మాట ఊళ్లో పుట్టాక ఎంత సర్దిచెప్పినా లాభం ఉండదు. స్థానిక ఎస్సైని ఒకసారి కలిసి, ఐదో పీరియడ్‌కి మహిళా కానిస్టేబుల్‌ని పంపమని అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం మహిళా పోలీసుని అడిగినా సరిపోతుంది.

నలభై మంది తరగతికి నూట ఇరవై తెల్లకాగితాలు, ఒక పెద్ద పళ్లెం, దాని మీద కప్పడానికి తువ్వాలు, కొలత టేపు, రెండు పాత ఫోన్లు కావాలి. ఫోన్లు స్విచాఫ్‌లోనే ఉండాలి. సిమ్ తీసేశాం కదా అనుకోకండి, సిమ్ లేకపోయినా కొన్ని ఫోన్ల నుంచి 112కి కాల్ వెళ్లిపోతుంది.

మొదటి పీరియడ్: చూడడం

పళ్లెంలో పదిహేను వస్తువులు పెట్టి, అర నిమిషం చూపించి, తువ్వాలు కప్పేయండి. మూడు నిమిషాల్లో గుర్తున్నవి రాయమనండి. ఎక్కువ వస్తువులు రాసినవాడికి చప్పట్లు కొట్టించడంతో చాలామంది ఆపేస్తారు. అసలు పని అక్కడినుంచే మొదలవుతుంది. ‘పెన్ను’ అని రాసినవాళ్లు ఎందరు, ‘నీలం మూత పెన్ను, మూత కొస విరిగింది’ అని రాసినవాళ్లు ఎందరు అని లెక్కేయండి. పోలీసులకు పనికొచ్చేది ఆ విరిగిన కొస. రెండో విడతలో పిల్లలకు తెలియకుండా ఒక వస్తువు తీసేసి, మరోదాన్ని పక్కకు తిప్పి పెట్టండి.

తర్వాత మనిషిని వర్ణించడం. వరస ఎప్పుడూ ఒకటే ఉండాలి: ఆడా మగా, వయసు, ఎత్తు, ఒళ్లు, ఆ తర్వాత తల నుంచి పాదాల దాకా. వరస మారితే మధ్యలో ఏదో ఒకటి జారిపోతుంది. ఎత్తుని అడుగుల్లో చెప్పమంటే పిల్లలు నోటికొచ్చింది చెబుతారు. టేపుతో తరగతి తలుపుని కొలిచి, దాని మీద ఐదు, ఐదున్నర, ఆరు అడుగుల దగ్గర సుద్దగీతలు గీయండి. టీచర్లను ఒక్కొక్కరినీ ఆ తలుపు పక్కన నిలబెడితే కొలత కళ్లలో ముద్రపడుతుంది. వయసు మాత్రం పదేళ్ల అంతరంతో చెప్పిస్తే చాలు: ‘ఇరవై ముప్పై మధ్య’. పన్నెండేళ్ల పిల్లలకు ముప్పై దాటిన వాళ్లందరూ ఒక్కలాగే కనిపిస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

క్షణంలో మారిపోయేవి ఏవో, మారనివి ఏవో విడదీసి చెప్పండి. టోపీ, మాస్కు, పైచొక్కా సందు తిరిగేసరికి మాయమవుతాయి. చెప్పులు, నడక, పచ్చబొట్టు, మచ్చ, కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో అన్నది అంత తొందరగా మారవు. అందుకే రెండు సెకన్లే దొరికితే ఒక సెకను ముఖానికి, ఒక సెకను కాళ్లకు ఇమ్మని చెప్పాలి.

బండి నంబరు: దీనికి విడిగా ఇరవై నిమిషాలు

పిల్లలు నంబరును ఎడమ నుంచి కుడికి చదవబోతారు. ‘టీ, జీ, జీరో...’ అనేలోపు బండి వెళ్లిపోతుంది. చివరి నాలుగు అంకెలు ముందు పట్టుకోవాలి, తర్వాత వాటి ముందున్న అక్షరాలు, ఆఖర్న రాష్ట్రం కోడు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది మరీ ముఖ్యం. 2019లో జిల్లా కోడ్లు తీసేసి ఏపీ 39ని ఉమ్మడిగా పెట్టారు కాబట్టి, ‘ఏపీ 39 సార్’ అంటే ఏమీ చెప్పనట్టే. తెలంగాణలో 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. రాష్ట్రం విడిపోక ముందు కొన్న బండ్లు ఇంకా ఏపీ పలకలతోనే తిరుగుతున్నాయి. హైదరాబాద్ వీధిలో ఏపీ కనిపించగానే ‘ఆంధ్రా బండి’ అని పిల్లలు రాస్తే కొట్టేయించండి. పలక మీద ఉన్న అక్షరాలు మాత్రమే రాయాలి.

పలక రంగు కూడా ఒక ఆనవాలే. తెలుపు మీద నల్ల అక్షరాలుంటే సొంత బండి. పసుపు మీద నలుపైతే కిరాయిది. ఆకుపచ్చ పలకంటే కరెంటు బండి. నలుపు మీద పసుపు అక్షరాలుంటే అద్దెకు తీసుకుని సొంతంగా నడుపుకునే కారు. అంకెలు అందకపోయినా ‘ఆకుపచ్చ పలక స్కూటీ’ అన్న ఒక్క ముక్కతో వెతుకులాట ఎంతో తగ్గుతుంది.

సాధనకి రోడ్డు మీద నిలబెట్టకండి. బడి ఆవరణలోంచి, గేటు లోపల ఉండి, వెళ్లే పది బండ్లు చూసి రాయమనండి. పెన్ను లేకపోతే ఆ నాలుగు అంకెల్ని పైకి అంటూ ఉండాలి, లేదా ఇసుకలో వేలితో రాసుకోవాలి.

రెండో పీరియడ్: నాటకం

పిల్లలకు తెలియని పెద్దవాళ్లు ఇద్దరు కావాలి. పక్క ఊరి బడి టీచర్లయితే మేలు. పిల్లల్లోంచి ఎవరినీ ‘దొంగ’గా పెట్టకండి, ఆ పేరు పదో తరగతి దాకా వాడిని వదలదు.

పీరియడ్ మొదట్లోనే ‘ఈరోజు ఒక చిన్న నాటకం ఉంటుంది, ఎప్పుడో చెప్పను’ అనండి. ఇంట్లో గొడవలు చూసి బెదిరిపోయిన పిల్లలు ప్రతి తరగతిలో ఒకరిద్దరు ఉంటారు. చెప్పకుండా చేస్తే వాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. మామూలు పాఠం చెబుతుండగా ఒకావిడ లోపలికొచ్చి సంతకం కావాలంటూ కాగితం చాపుతుంది. మీరు చదువుతున్నట్టు తల వంచుతారు. ఆవిడ వెనకే వచ్చిన మనిషి బల్ల మీది సంచి తీసుకుని, ఒక చీటీ జారవిడిచి, నడుచుకుంటూ వెళ్లిపోతాడు. ఆవిడ బయటికెళ్లి రెండో వైపు తిరుగుతుంది. మొత్తం పాతిక సెకన్లు. అరుపులు, పరుగులు, బొమ్మ కత్తులు వద్దు. ఆయుధం కనిపిస్తే కళ్లన్నీ దాని మీదే ఉండిపోతాయి, ముఖం ఎవరికీ గుర్తుండదు.

ముందే కొన్ని గుర్తులు ఏర్పాటు చేసుకోండి: మోచేతి దాకా మడిచిన బూడిద రంగు చొక్కా, కుడిచేతికి వాచీ, ఒక చెప్పుకి వేరే రంగు పట్టీ, ఎర్ర జిప్పున్న నల్ల సంచి. ఇద్దరి ఫోటోలు తీసి ఉంచుకోండి. లేకపోతే చివర్లో జవాబులు సరిచూసేటప్పుడు మీరూ తడబడతారు.

‘నాటకం అయిపోయింది, ఎవరూ మాట్లాడొద్దు’ అని వెంటనే కాగితాలు పంచండి. ఏడు నిమిషాలు నిశ్శబ్దంగా రాయాలి. అన్నింటికన్నా ఎక్కువగా చెడేది ఇక్కడే. ముందు బెంచీలో ఒకడు ‘గడ్డం ఉందిరా’ అన్నాడంటే పది కాగితాల్లో గడ్డం మొలుస్తుంది. నిజంగా నేరం చూసినప్పుడు కూడా సాక్షులు ఒకరితో ఒకరు చర్చించుకునే ముందే ఎవరికి వారు రాసుకోవాలన్నది ఈ పాతిక సెకన్ల ఆటతో బాగా తలకెక్కుతుంది.

తర్వాత సగం మందికి ఒక ప్రశ్నపత్రం, మిగతా సగానికి మరొకటి ఇవ్వండి. మొదటిదాంట్లో ‘ఆ మనిషి పెట్టుకున్న టోపీ ఏ రంగు?’ అని, రెండోదాంట్లో ‘ఆ మనిషి తల మీద ఏముంది?’ అని ఉండాలి. టోపీ అసలు లేదు. మొదటి కాగితం అందుకున్నవాళ్లలో కొందరు రంగు రాసేస్తారు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగంలో తేలిందీ ఇదే. కార్లు ఢీకొన్న ఫిల్మ్ చూపించి, వేగం ఎంత అని అడుగుతూ కొందరి దగ్గర ‘తగిలినప్పుడు’ అన్నారు, కొందరి దగ్గర ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ అన్నారు. వారం తర్వాత పగిలిన అద్దం చూశారా అని అడిగితే మొదటి గుంపులో 50 మందికి 7గురు, రెండో గుంపులో 50 మందికి 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో పగిలిన అద్దమే లేదు. టీచర్లు ఈ లెక్క పిల్లలకు చెప్పి ఊరుకోకుండా తమకీ వర్తింపజేసుకోవాలి. ‘వాడు నిన్ను కొట్టాడా?’ అని అడక్కూడదు. ‘ఏం జరిగింది?’ అని అడిగి ఆగాలి.

మార్కులు ఇలా వేయండి: సరైనదానికి ఒకటి, ‘తెలియదు’ అని రాస్తే సున్నా, తప్పుకి మైనస్ ఒకటి. ఖాళీ వదిలితే మార్కు పోతుందని ఏళ్ల తరబడి మనమే నేర్పాం. ఈ ఒక్క విషయంలో ఆ అలవాటు మాన్పించాలి.

మూడో పీరియడ్: రాయడం

కాగితాన్ని మూడు గళ్లు చేయించండి: చూశాను, విన్నాను, అనుకున్నాను. వాక్యం చివర ‘అంట’ వచ్చిందంటే అది రెండో గడిలోకి పోవాలి. ‘లాగా ఉన్నాడు’ అంటే మూడోదాంట్లోకి. మూడో గడిని పారేయనక్కర్లేదు, అది అనుమానమని తెలిసేలా ఉంటే చాలు.

పిల్లలు మొదటిసారి రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

‘నిన్న సాయంత్రం ఒక దొంగ ఫుల్లుగా తాగేసి పల్సర్ మీద స్పీడ్‌గా వచ్చి ఆంటీ చైన్ తెంపుకుపోయాడు. మన ఊరివాడు కాదు, బీహారు వాడు.’

బోర్డు మీద రాసి ఒక్కో మాటా నిలదీయండి. తాగాడని ఎలా తెలుసు? వాసన వచ్చిందా? బీహారు అని ఎవరు చెప్పారు? ఇలా అడిగాక మళ్లీ రాయిస్తే:

‘మంగళవారం, ట్యూషన్ వదిలాక. ట్యూషన్ 6కి వదులుతారు. నేను కిరాణా కొట్టు మెట్ల మీద ఉన్నాను. ఆంటీ నాకు ఆటో పొడవంత దూరంలో నడుస్తోంది. వీధిలైటు వెలుగుతోంది. వెనకనుంచి నల్ల బైకు వచ్చింది. ఒక్కడే ఉన్నాడు, హెల్మెట్ ఉంది, ముఖం కనబడలేదు. ఎడమచేత్తో చైన్ లాగాడు. ఆంటీ పడిపోయింది. నంబరు చివర 47. ముందువి చూడలేదు. బస్టాండు వైపు వెళ్లాడు. పల్సర్ అని కొట్టు అన్న చెప్పాడు, నేను గుర్తుపట్టలేదు.’

టైము చూడకపోతే దేనికి ముందు, దేని తర్వాత అన్నది రాయడం, తను ఎక్కడ నిలబడిందీ, వెలుతురు ఎంత ఉందీ చెప్పడం: ఈ రెండూ మొదట ఎవరికీ తోచవు, పట్టుబట్టి రాయించండి. రబ్బరు వాడనివ్వొద్దు. తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన రాయాలి. అడుగున తేదీ, రాసిన టైము, పేరు. తర్వాత అందంగా సాఫు రాసినా మొదటి కాగితం చించకూడదు. జరిగిన వెంటనే తాను రాసుకున్న కాగితం చూసి జ్ఞాపకం తెచ్చుకునే వీలు సాక్షికి చట్టం ఇస్తుంది. ఆ కాగితం నలిగినా, అక్షరం బాగాలేకపోయినా విలువ దానికే.

ఎవరిని అనుమానించాలి అన్న ప్రశ్న

ఇది పిల్లలే అడుగుతారు. జవాబు: మనిషిని కాదు, పనిని. తాళం వేసిన ఇంటి కిటికీ ఊచలు పీకుతుంటే చెప్పాలి. చిరిగిన బట్టలతో వీధిలో నడుస్తుంటే చెప్పడానికేమీ లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దారిన పోయేవాళ్లను పట్టుకుని కొట్టారు. హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణమే పోయింది. ఇంకా వెనక్కి వెళితే 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్రవేసింది. 1952లో అది రద్దయినా స్టువార్టుపురం పేరు చెప్పగానే మన పెద్దల ముఖాల్లో మారే రంగు ఇంకా పోలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది తప్పకుండా అర్థమవుతుంది. చిన్నపిల్లలని దాటేయకండి.

పరీక్ష సులువే. పిల్లవాడు రాసిన దాంట్లోంచి ఆ మనిషి కులం, మతం, భాష, బట్టలు తీసేయండి. ఇంకా చెప్పాల్సిన పని ఏదైనా మిగిలితే అది ఫిర్యాదు.

నాలుగో పీరియడ్: ఫోన్

నంబర్లు బోర్డు మీద రాయండి: 112 దేనికైనా, 1098 పిల్లల విషయానికి, 181 మహిళలకు, 1930 ఆన్‌లైన్ మోసానికి, 1933 మత్తుమందులకు, 139 రైల్లో. అన్నీ బట్టీ పట్టించొద్దు. 112, 1098 నోటికి రావాలి, మిగతావి డైరీ వెనక ఉంటే చాలు.

ఫోన్లో మొదటి మాట చోటు అయి ఉండాలి. మధ్యలో కాల్ తెగిపోయినా బండి బయల్దేరుతుంది. ‘హెల్ప్ చేయండి సార్’ అంటూ మొదలెట్టిన కాల్ తెగితే ఏమీ మిగలదు. చోటు చెప్పడానికి ఇంటి నంబర్లకన్నా గుడి, నీళ్ల ట్యాంకు, కరెంటు స్తంభం మీది అంకె నయం. హైదరాబాద్‌లో మెట్రో, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబర్లు, హైవే మీద కిలోమీటరు రాళ్లు ఇంకా నయం. ప్రతి పిల్లవాడి చేతా తన ఇంటి చోటు ఒక్క వాక్యంలో రాయించండి. సగం మందికి రాదు.

జంటలుగా సాధన చేయించండి. ఒకరు ఆపరేటరు.

‘112. చెప్పు బాబూ, ఏమైంది?’
‘రామాలయం వెనక సందు మేడమ్, నీళ్ల ట్యాంకు పక్కన. ఇద్దరు ఒకాయన్ని కొడుతున్నారు. తలకి రక్తం కారుతోంది.’
‘ఇంకా కొడుతున్నారా?’
‘ఆ, కొడుతున్నారు.’
‘నువ్వెక్కడున్నావు?’
‘మా మేడ మీద. గేటు వేసుకున్నాం. నాకేం కాలేదు.’

ఆపరేటరు పెట్టేయమనే దాకా ఫోన్ పెట్టకూడదు. దగ్గరికెళ్లి వీడియో తీయడం, స్టేటస్ పెట్టడం వద్దు. వీడియో వల్ల నేరగాడికి సాక్షి ఎవరో తెలుస్తుంది. పగిలిన తలుపు, పడిపోయిన వస్తువు ముట్టుకోవద్దు.

ఐదో పీరియడ్: స్టేషన్ అంటే భయం పోగొట్టడం

వచ్చిన కానిస్టేబుల్ చేత ఉపన్యాసం ఇప్పించకండి. పిల్లల ప్రశ్నలు ముందే చీటీల మీద రాయించి ఆవిడ చేతికివ్వండి. వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సినవి కొన్నున్నాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అదే జీరో ఎఫ్ఐఆర్. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. పదిహేనేళ్లలోపు అబ్బాయిని గానీ, ఏ వయసు ఆడవాళ్లను గానీ సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మని ఒత్తిడి చేయకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. చిన్నపిల్లలు సాక్ష్యానికి పనికిరారన్నది అపోహ. అడిగింది అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే వయసు అడ్డం కాదు.

ఆరో పీరియడ్: తెలిసినవాళ్లే చేసినప్పుడు

పిల్లల కంట పడే నేరాల్లో చైన్ స్నాచింగ్ తక్కువ. తొమ్మిదో తరగతి అమ్మాయికి పెళ్లి ఖాయం చేయడం, పద్నాలుగేళ్లు నిండనివాణ్ణి మెకానిక్ షెడ్డులో పెట్టడం, ఫోన్లో బెదిరింపు మెసేజీలు, ఇంటి మనిషే చేయకూడనిది చేయడం ఎక్కువ. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా చేసే పెళ్లి గురించి 1098కి చెప్పొచ్చు. తాంబూలాలు పుచ్చుకుంటున్నారని తెలిసిన రోజే చెబితే ఆపడం సులువు, పందిరి వేశాక కష్టం.

ఆన్‌లైన్‌లో డబ్బు పోతే 1930కి ఎంత తొందరగా చేస్తే అంత మేలు. డబ్బు ఖాతాలు మారకముందే ఆపే వీలుంటుంది. యూపీఐ లావాదేవీ పన్నెండంకెల నంబరు దగ్గర పెట్టుకోవాలి. బెదిరింపు చాట్ చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీయాలి. ఒక్కదానికి మాత్రం ఇది వర్తించదు: పిల్లల నగ్న చిత్రాలు. వాటిని స్క్రీన్‌షాట్ తీయడం, ‘చూడండి సార్’ అని టీచరుకి ఫార్వర్డ్ చేయడం కూడా చిక్కే. ఫోన్‌ని అలాగే తెచ్చి నమ్మకమైన పెద్దవాళ్లకు చూపించాలి.

‘మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?’ అని తరగతిలో అడగనే అడగకండి. పాఠం అయ్యాక ఎవరో ఒకరు తలుపు దగ్గర ఆగుతారు. అప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వొద్దు. ‘నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను’ అనండి. ఒక్కసారి విని, ఆ బిడ్డ వాడిన మాటలే రాసుకోండి. మళ్లీ మళ్లీ అడగడం, ఇంకో టీచర్ని పిలిచి చెప్పించడం, ఆ మనిషిని పిలిపించి నిజమా అని నిలదీయడం కేసును పాడుచేస్తాయి, బిడ్డనూ నలిపేస్తాయి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం సెక్షన్ 19 కింద తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ శిక్ష పిల్లలకు వర్తించదు, టీచర్లకు వర్తిస్తుంది. బడి పరువు పోతుందని లోపల సర్దుబాటు చేయబోయే యాజమాన్యానికి ఈ సెక్షన్ చదివి వినిపించండి. బిడ్డ పేరు, ఊరు, బడి బయటికి పొక్కకూడదు. వాంగ్మూలాన్ని బిడ్డ ఇంట్లో గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా తీసుకోవాలి.

ఆ తర్వాత

ఫిర్యాదు పెట్టె పెడితే ఆఫీసు గది ముందు పెట్టకండి. అక్కడ చీటీ వేసేవాడు అందరికీ కనిపిస్తాడు. నీళ్ల కుళాయిల దగ్గర నయం. సోమ, గురువారాల్లో ఇద్దరు కలిసి తెరవాలి, ఒకరు ఆడ టీచరై ఉండాలి. తెరిచినట్టు రిజిస్టరులో సంతకాలు చేయాలి, చీటీ లేకపోయినా సరే. రెండు నెలలకి కొత్త మనుషులతో, కొత్త గుర్తులతో నాటకం ఇంకోసారి వేసి, అదే పద్ధతిలో మార్కులు వేయండి. ఈసారి సరైన జవాబులకన్నా ముందు ‘తెలియదు’ అన్న మాట ఎన్ని కాగితాల్లో ఉందో లెక్కపెట్టండి. మొదటిసారి కన్నా ఆ లెక్క పెరగకపోతే మూడో పీరియడ్ మళ్లీ చెప్పాల్సిందే.